‘పరవాలేదు’ అంటే రాసుకోని మత్తు డాక్టరు

చలపతి డాక్టరుగారు లేరన్న వార్త నాకు డబ్బింగ్ గదిలో అందింది. మైకు ముందు నిలబడి, ఒక సీరియల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఏడుస్తున్నాను. మూడో టేకు. అద్దానికి అవతల ఉన్న ఇంజనీరు చెయ్యెత్తి ఆపమన్నాడు. బయట పెట్టిన నా ఫోను ఆగకుండా మోగుతోందట. తీస్తే డాక్టరుగారి భార్య సరోజమ్మగారు. “అమ్మా పద్మా, సారు పోయినారు. పొద్దున పళ్లు తోముకుంటా ఆడనే కూలబడినారు,” అన్నారు. ముప్ఫై ఏళ్లుగా పరుల దుఃఖానికి గొంతు ఇస్తూ బతికినదాన్ని. నా దుఃఖం ఎదురొచ్చేసరికి నోట ఒక్క అక్షరం పెగల్లేదు. మళ్లీ లోపలికి వెళ్లి ఆ టేకు పూర్తిచేశాను. చాలా బాగా వచ్చిందన్నారు. ఆ మెచ్చుకోలుకు నాకు వాళ్లందరి మీదా పట్టరాని కోపం వచ్చింది.

సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ క్షణాన నాకు మొట్టమొదట తోచింది ఆయన గురించి కాదు. “మరి నా ఆపరేషన్?” అనుకున్నాను. నా మెడలో గడ్డ ఉంది. కేన్సరు కాదన్నారు గానీ, అది పెరిగి గాలిగొట్టాన్ని నొక్కుతోంది, తీసెయ్యక తప్పదన్నారు. గొంతు అమ్ముకుని బతికేదాని గొంతు మీద కత్తి పెడతామంటే ఆ మనిషి ఏమవ్వాలి? నాలుగు నెలలు వాయిదాలు వేశాను. “నేను వస్తాను, పక్కనే నిలబడతాను, నువ్వు కళ్లు మూసేటప్పుడూ తెరిచేటప్పుడూ నా ముఖమే కనిపిస్తాది” అని డాక్టరుగారు మాట ఇచ్చాకే తేదీ ఖాయం చేసుకున్నాను. సరిగ్గా ఆ తేదీకి తొమ్మిది రోజుల ముందు ఆయన వెళ్లిపోయారు.

మా తెలుగువాళ్ల సంఘం సంచికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. కారుణ్యమూర్తి, మానవతామూర్తి అని మొదలుపెట్టి రెండుసార్లు కొట్టేశాను. ఆ మాటలు చూస్తే ఆయన “ఎవరమ్మా ఆయన, నాకూ కొంచెం పరిచయం చెయ్యి” అనేవారు. అందుకని నేను చూసిందీ, విన్నదీ మాత్రమే రాస్తున్నాను. భయపడుతూ రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడ తడబాటు ఉంటుంది. సహృదయులు మన్నించాలి.

ఆయన పుట్టింది తొండియార్‌పేటలో. ఎన్ని తరాల కిందట ఈ తమిళ ఊరికి వచ్చారో వాళ్లకే తెలియని తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆస్పత్రిలో రెండూ కలిపి. హార్బరుకు దగ్గరలోని ఒక ఆస్పత్రిలో ముప్ఫై అయిదేళ్లు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు శాలువాలు, స్వీటు పెట్టెలు వస్తాయి. మత్తు డాక్టరు పేరు రోగికి గుర్తుండదు. దానికి ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు. “నన్ను మరిచిపొయినారంటే నా పని బాగా జరిగిందని అర్థం,” అనేవారు.

పన్నెండేళ్ల కిందట మా అమ్మ బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పుడే ఆయనతో నాకు పరిచయం. మా అమ్మది తెనాలి. అమ్మ మర్యాదకు ప్రాణమిచ్చే మనిషి. ఆపరేషన్ మర్నాడు నర్సు వచ్చి నొప్పి ఎలా ఉందని అడిగితే, “పరవాలేదమ్మా, నువ్వు భోంచేశావా?” అంది. నర్సు పరవాలేదని రాసుకుని వెళ్లిపోయింది. తర్వాత సర్జన్ వచ్చి అడిగినా అదే మాట. నేను అడిగినా అదే. నేనూ నమ్మాను, ఆమె కడుపున పుట్టినదాన్నే అయినా నమ్మాను. తర్వాత డాక్టరుగారు వచ్చారు. ఏమీ అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, నాడి చూస్తూ, అమ్మ ఎడంచేతి వైపు చూశారు. దుప్పటి అంచు కింద కనబడీ కనబడకుండా ఆ చెయ్యి చీర కొంగును మెలిపెట్టి పిండేస్తోంది. కొంగు తడిసిపోయి ఉంది.

“అమ్మా, మీరు మా ఇంటికి చుట్టంగా రాలేదు,” అన్నారాయన. “నొప్పి ఉండాదంటే మేమేం నొచ్చుకోము. సున్నా అంటే ఏం లేదు, పది అంటే తట్టుకోలేం. ఇప్పుడు ఎంత?”

“ఏదో, ఉంది బాబూ. పరవాలేదు.”

“ఆ మాటకి నా దగ్గర మందు లేదమ్మా. అంకె చెప్పండి, అంకెకి మందు ఉండాది.”

అమ్మ నా వంక చూసింది. గోడ వంక చూసింది. చివరికి తప్పు ఒప్పుకున్నట్టు, “ఎనిమిది బాబూ,” అంది. ఆ మాట అనేసరికి కళ్ల వెంట నీళ్లు జలజలా రాలాయి. అరగంటలో అమ్మ నిద్రపోయింది. ఆ సాయంత్రమే ఆయన నర్సులందరినీ పిలిచి ఒక ఆజ్ఞ జారీ చేశారు. తెలుగువాళ్లు ‘పరవాలేదు’ అన్నా, తమిళులు ‘పరవాయిల్లై’ అన్నా చార్టులో ఆ మాట రాయకూడదు. ఆ మాట వినిపిస్తే దాన్ని కనీసం ఆరు కింద లెక్కగట్టి, కూర్చుని మళ్లీ అడగాలి. అప్పటినుంచి ఆ వార్డులో ‘పరవాలేదు’ నిషిద్ధ పదమైంది. మా అమ్మ పేరు మీద ఒక చట్టం పుట్టినట్టే. ఆమె అందుకు చాలాకాలం సిగ్గుపడింది, చాలాకాలం గర్వపడింది కూడా.

ఆ స్టూలు గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ప్రతి రోగి దగ్గరికీ వచ్చి కూర్చునేవారు. నిలబడి మాట్లాడటం ఆయన నిఘంటువులో లేదు. “నిలబడినామంటే పొయ్యేదానికి సిద్ధంగా ఉండామని పేషంటుకి తెలిసిపోతాది. ఇంక వాళ్లు అసలు సంగతి చెప్పరు,” అనేవారు. మంచాల మధ్య ఆ స్టూలును కాలితో నెట్టుకుంటూ వెళ్లేవారు. ఆ చప్పుడు వినగానే కొందరు లేచి జుట్టు సరిచేసుకునేవారు. అందరినీ అడిగే ప్రశ్న ఒకటే. “భయం ఎంత? సున్నా నుంచి పదికి.” నొప్పికి అంకె అడిగే డాక్టర్లు చాలామంది ఉంటారు. భయానికి అంకె అడిగి, ఆ అంకెను కూడా కాగితం మీద రాసుకున్న వైద్యుణ్ణి నేను ఆయన్నొక్కరినే చూశాను. ఎవరైనా సున్నా అంటే ఆయన ముఖం వాడిపోయేది. “భయం లేదనే మనిషికి మత్తిచ్చేదానికి నాకు భయం,” అనేవారు.

హార్బరులో క్రేను నడిపే ఒక భారీ మనిషి కథ సరోజమ్మగారు నవ్వుతూ చెప్పేవారు. హెర్నియా ఆపరేషన్. ఆరడుగుల మనిషి, అరిస్తే ఓడలు వినాలి. థియేటరుకు తీసుకెళ్లడానికి వచ్చేసరికి మంచం ఖాళీ. ఆస్పత్రి ఆకుపచ్చ గౌనులోనే, వెనక ముడి వేలాడుతుండగా, వీధి చివర టీకొట్టులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడట. నర్సులు వెళ్లి తిట్టారు. పెళ్లాం వెళ్లి ఏడ్చింది. కదల్లేదు. డాక్టరుగారు వెళ్లి పక్కన కూర్చున్నారు. గ్లాసులో సగం టీ అప్పటికే అతని కడుపులో ఉంది. కడుపులో టీతో మత్తివ్వడం ప్రమాదం, ఇంక ఆ రోజుకు ఆపరేషన్ లేనట్టే. ఆయన తనకూ ఒక టీ చెప్పుకుని, “సరి, ఈ పొద్దు నీ భయం గెలిచింది. మిగిలిందీ తాగేసెయ్. రేపు నా వంతు,” అన్నారు. ఆ మనిషి మర్నాడు పొద్దున తనంతట తానే వచ్చి పడుకున్నాడు. భయం ఎంత అని అడిగితే, “పదకొండు సార్,” అన్నాడట.

ఆయన అబద్ధం చెప్పేవారు కాదు. అదే ఆయనలోని గొప్ప గుణం, అదే నన్ను భయపెట్టిన గుణం కూడా. నా గడ్డ సంగతి తెలిశాక టి. నగర్‌లో మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. అందరూ “ఏం కాదు, ఏం కాదు” అంటున్న రోజులవి. ఆ ఏం కాదులు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఆయన మాత్రం, “నొప్పే ఉండదని చెప్పేది అబద్ధమమ్మా,” అన్నారు. “నొప్పి ఉంటాది. గొంతులో గొట్టం వేస్తాం కాబట్టి రెండు మూడు దినాలు మింగేటప్పుడు గీసుకున్నట్టు ఉంటాది. మెడ బిగిసిపోతాది. కానీ దాన్ని పెరగనీకుండా ముందే మందు పోసుకుంటా వస్తాం. నొప్పి వచ్చినాక తరమడం కష్టం, రాకముందే వాకిట్లో నిలబెట్టేది సులువు. అందుకని టైముకి మందు వేసుకో, ఓర్చుకుంటాను చూద్దాం అని వీరత్వం చూపించొద్దు. ఆ సాయంత్రమే లేచి కూర్చుంటావు, మర్నాడు నడుస్తావు.”

“నా గొంతు?” అన్నాను. నాకు కావలసింది ఆ ఒక్కటే.

ఆయన తన మెడ మీద వేలు పెట్టి చూపించారు. “గొంతు నరం గడ్డ వెనకాలే పోతాది. సర్జన్ దానికి తగలకుండా కనిపెట్టుకునే గడ్డను కోస్తాడు. చేయి తిరిగిన మనిషి. కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చు. శాశ్వతంగా పొయ్యేది చాలా అరుదు. అరుదు అన్నాను, లేదు అనలేదు. లేదని చెప్తే రేపు నువ్వు నన్ను నమ్మవు.” తర్వాత తన సహజ ధోరణిలో, “ఇప్పుడు చెప్పు, భయం ఎంత?” అని అడిగారు. నేను ఏమన్నానో ఊహించగలరు. పరవాలేదు అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు. “మీ అమ్మ కూతురివే,” అన్నారు. అంకె చెప్పకుండానే మాట తప్పించాను.

ఇక నా ప్రాణం తోడేస్తున్న సంగతి. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, ఆయనకు ఫోను చేశాను. మాటకూ మాటకూ మధ్య ఆయన ఆగుతున్నారు. నా వృత్తే ఊపిరి. ఏ నటి ఎక్కడ గాలి పీల్చిందో చూసి అక్కడే నేనూ పీల్చాలి. ఒక మనిషి వాక్యం మధ్యలో, ఆగకూడని చోట ఆగుతున్నాడంటే నాకు వినపడకుండా ఎలా ఉంటుంది? వినపడింది. “ఏమిటి డాక్టరుగారూ, ఆయాసపడుతున్నారు?” అని అడిగాను కూడా.

“మెట్లెక్కి వచ్చినా. పరవాలేదమ్మా. నీ సంగతి చెప్పు,” అన్నారు.

నేను నా సంగతి చెప్పాను. అరగంట చెప్పాను. కళ్లు తెరిచాక గొంతు రాకపోతే ఏం చెయ్యాలో, మత్తు మధ్యలో దిగిపోతే ఎలాగో, పక్కింటావిడ ఎవరి గురించో ఏదో చెప్పిందని, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా, ఆగి ఆగి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పారు. ఫోను పెట్టేసి ఆ రోజు హాయిగా అన్నం తిన్నాను. పన్నెండేళ్లుగా ఆ పదం అర్థం నాకు తెలుసు. ఆ చట్టం మా అమ్మ మంచం దగ్గర పుట్టింది. ఆయన నోట అదే పదం వచ్చినప్పుడు నేను దాన్ని ఆరు కింద లెక్కగట్టలేదు. మళ్లీ అడగలేదు. నా భయం ముందు నాకు ఇంకేమీ వినపడలేదు.

పలకరింపుకు వెళ్లినప్పుడు సరోజమ్మగారు నిందగా అనలేదు, మామూలుగానే అన్నారు. “నాలుగు దినాలుగా గుండెల్లో పట్టేసినట్టుండాదని అంటానే ఉండె. డాక్టరు దగ్గర చూపించుకోయ్యా అంటే, పద్మ ఆపరేషన్ అయ్యేదాకా ఆగు, ఇప్పుడు నేను పొయ్యి మంచంలో పడితే ఆ పిల్ల ఆడికి రాదు అనె.” నాకు యాభై నాలుగేళ్లు. ఆయనకు నేను ఇంకా పిల్లనే. క్షమించమని కూడా అడగలేదు. మంచినీళ్లు తాగి వచ్చేశాను. ఇంటికి రాగానే ఆస్పత్రికి ఫోను చేసి నా తేదీ రద్దు చేయించుకున్నాను.

ఎందుకు రద్దు చేశానని మీరు అడగవచ్చు. నిజం చెబుతున్నాను, దుఃఖంతో కాదు, భయంతో. అందరి నొప్పినీ అంకెల్లోకి లాగినవాడు తన నొప్పిని దాచుకుని పోయాడు. ఇక ఎవరి మాట నమ్మి ఆ బల్ల మీద పడుకోవాలి? అద్దంలో మెడ చూసుకుంటే గడ్డ ఇంకా పెరిగినట్టు కనిపించేది. పడుకుంటే ఊపిరి ఆగిపోతున్నట్టు ఉండేది. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. స్టూడియోలో పొడుగు డైలాగు చెబుతుంటే మధ్యలో గాలి చాలక రెండుసార్లు టేకు పోయింది. దిష్టి తగిలిందేమోనని మా ఆయన నిమ్మకాయలు తెచ్చారు. ఆయన భయం ఆయనది.

పదకొండో రోజు కర్మకాండ ముగిశాక సరోజమ్మగారు మా ఇంటికి వచ్చారు. ఎవరితోనూ చెప్పకుండా, బస్సెక్కి వచ్చారు. గుమ్మంలో ఉండగానే మొదలుపెట్టారు.

“తేదీ ఎందుకు తీసేసినావు?”

“ఆయన లేకుండా నావల్ల కాదండీ.”

“మా ఆయన నీ కోసరం చూపించుకోకుండా ఉండె. నాకు కోపం లేదని అనుకున్నావా? ఉండాది. బాగా ఉండాది. నీ మీద కొంచెం, ఆయన మీద ఎక్కువ. ఇప్పుడు నువ్వు ఆపరేషన్‌కి పోకుంటే ఆయన దాచుకున్నది దేనికి? ఎవరికి పనికొచ్చినట్టు?”

నేను ఆవిడకు లోపలికి దారి ఇచ్చి కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. గొంతు తగ్గించి అన్నారు. “నేను వస్తానమ్మా. నాకు మందులు తెలీవు, సూదులు తెలీవు. ముప్ఫై అయిదేండ్లు ఆయన కథలు విన్నాను గదా. స్టూలు మీద కూర్చునేది తెలుసు.”

కొత్త తేదీ తీసుకున్నాను. రేపు పొద్దున ఆస్పత్రిలో చేరాలి, ఎల్లుండి ఆపరేషన్. మత్తు ఇవ్వబోయే డాక్టరమ్మ నిన్న నన్ను పరీక్షకు పిలిచింది. ఊరి చివర షోళింగనల్లూరు నుంచి వస్తుందట, ముప్ఫై అయిదేళ్లు కూడా ఉండవు, తమిళ పిల్ల. చెదిరిన జుట్టు, నలిగిన కోటు. ఈ పిల్ల చేతుల్లోనా నా ఊపిరి అనుకున్నాను. బీపీ చూసింది, నోరు తెరిపించి చూసింది, మెడ వెనక్కి వంచమంది. నేను ఏమేం మందులు వాడుతున్నానో రాసుకుంది. తర్వాత గది మూల ఉన్న స్టూలును కాలితో నా దగ్గరికి నెట్టుకుంది. ఆ చప్పుడు వినగానే నేనూ జుట్టు సరిచేసుకున్నాను.

కూర్చుని, కాగితం మీద పెన్ను పెట్టి, వచ్చీరాని తెలుగులో అడిగింది. “అమ్మా, బయం ఎంత? సున్నా నుంచి పది.”

“పరవాలేదు,” అన్నాను. పుట్టుకతో వచ్చిన జబ్బు, ఎక్కడికి పోతుంది?

ఆ పిల్ల రాసుకోలేదు. పెన్ను పక్కన పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూస్తూ ఊరుకుంది. బయట ఇంకా చాలామంది వేచి ఉన్నారు, అయినా తొందరపడలేదు. “సారు దగ్గర ఆరేళ్లు నేర్చుకున్నాను,” అంది మెల్లగా. “ఆ మాట నాకు రాయడం రాదు.”

చలపతి డాక్టరుగారూ, ఆదివారం సాయంత్రం నేను మిమ్మల్ని అలా అడిగి ఉండాల్సింది. ఫోను పట్టుకుని, నా సంగతి చెప్పకుండా, ఊరుకుని ఉండాల్సింది. మీ అంకె మీ నోట వచ్చేదాకా కదలకుండా ఉండాల్సింది. మీరు లేని ఈ ఊరిలో ఎంతమంది ఎన్ని మంచాల మీద కొంగులు మెలిపెట్టుకుంటూ, నవ్వుముఖంతో ఆ మాట అంటున్నారో. వాళ్ల ఎడంచేతి వైపు చూసే కళ్లు ఇప్పుడు లేవు. ఎల్లుండి కళ్లు మూసేటప్పుడు మీ ముఖం కనిపించదు. తెరిచేటప్పుడు నా గొంతు వస్తుందో రాదో తెలియదు. వస్తే మొదట పలికేది నొప్పి అంకె. రాకపోతే వేళ్లతో చూపిస్తాను.

భయం సంగతి మాత్రం నిన్ననే చెప్పేశాను. నాలుగు నెలల కిందట మీరు అడిగినప్పుడే చెప్పాల్సిన జవాబు. ఆ పిల్ల రాసుకుంది, మీరు కూడా రాసుకోండి. తొమ్మిది, సార్.